ఇశ్రాయేలు సొంతంగా రాసిన లైను

గిద్దలూరు స్టేషన్ రోడ్డులో ఏ గోడను గోటితో గీకినా ఇశ్రాయేలు బయటపడతాడు. పైన ఫ్లెక్సీల మేకులు, వాటి కింద కంపెనీ రంగు, రంగు కింద సున్నం, సున్నం కింద ఇంకో సున్నం, అన్నిటికీ అడుగున ఒక ఎర్రటి అక్షరం, దుప్పటి కింద మేలుకునే ఉన్న పసిపిల్లలా. దాని తలకట్టు కొద్దిగా ఎడమకు వాలి ఉంటే అది ఇశ్రాయేలు చెయ్యి. ఇరవై అయిదేళ్ళ పాటు ఈ ఊళ్ళో ఎరువుల కొట్టుకూ, బట్టల దుకాణానికీ, పళ్ళ డాక్టరుకూ పేర్లు రాసింది అతనే. పేరు పెట్టింది వాళ్ళ అమ్మానాన్నలే కావచ్చు, దాన్ని వీధిలో నిలబెట్టింది మాత్రం ఇతను.

పుట్టింది మార్కాపురంలో. తండ్రి ఏబేలు పలకల ఫ్యాక్టరీలో పని చేసేవాడు, పని లేని నెలల్లో గోడల మీద ప్రకటనలు రాసేవాడు. ఇంటి చుట్టూ విరిగిన పలక ముక్కలు వాన పడితే నల్ల చేపల్లా మెరిసేవి. ఇశ్రాయేలు అక్షరాలు దిద్దింది వాటి మీదే. మూడు మూలల పలక మీద నేర్చుకున్నవాడు కనుక ఏ మాట రాయాలన్నా ముందు చోటు చూసుకునేవాడు. ఉమ్మితో తుడుపు, తర్వాత అక్షరం. పెద్దయ్యాక పలక గోడయింది, ఉమ్మి సున్నమయింది. ముందు శుభ్రం, తర్వాత రాత అన్నది అతని చేతికి ఊపిరంత అలవాటు.

తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. పొద్దున చెబితే మధ్యాహ్నానికి గుడ్డ మీద పేరు, పేరు పక్కన నవ్వుతున్న మొహం. అతని డబ్బాల్లో రంగు గడ్డ కట్టింది. అక్షరాలు పోయి సున్నం మిగిలింది. ఇళ్ళకూ గొడ్ల కొట్టాలకూ సున్నం కొట్టడమే బతుకుతెరువయింది. అతని భార్య మగ్దలీనమ్మ కూలిపనికి పోయే ఆడవాళ్ళకు చెప్పి నవ్వేది: మా ఆయన సున్నం కొట్టేటప్పుడు కూడా కుంచెను మెలి తిప్పుతాడు, ఎండిన తర్వాత చూడండి, కొట్టం గోడ మీద తెల్లమీద తెల్లగా తలకట్లు కనబడతాయి, గొడ్లు చదువుకుంటాయి అని. ఇశ్రాయేలు ఆ మాటకు కోపం తెచ్చుకునేవాడు కాదు. ఎందుకంటే అది నిజం.

ఊళ్ళో అతను ఆఖరి అక్షరం రాసి పదకొండు నెలలయిన తర్వాత నాగలక్ష్మి గొంతు పోయింది.

నాగలక్ష్మికి స్టేషన్ రోడ్డులోనే పిండి మర ఉంది. మార్చి వచ్చిందంటే అది కారం మర అవుతుంది. రాచర్ల నుంచీ కొమరోలు నుంచీ ఆడవాళ్ళు ఏడాదికి సరిపడా మిరపకాయలు ఎండబెట్టి తెచ్చుకుంటారు. మర చప్పుడులో, తుమ్ముల్లో, ఎవరి వంతు వచ్చిందో పేరు పెట్టి అరవాలి. ఇరవై ఏళ్ళు అలా అరిచిన గొంతు ఇక చాలని కూర్చుంది. డాక్టరు మూడు నెలలు మాట్లాడవద్దన్నాడు. మాట్లాడకుండా ఉండటం నాగలక్ష్మికి చేతకాదు కనుక గుసగుసలకు దిగింది. ఆమె అరుపుకు అలవాటు పడిన ఊరు ఆమె గుసగుసకు మరింత భయపడింది.

ఇంట్లో ఉన్న టీవీ తెచ్చి మర గోడకు తగిలిస్తే, దాని మీద ఎవరి వంతయితే వాళ్ళ పేరు పడితే చాలు కదా అనుకుంది. పేర్లు రాసేవాడంటే ఊళ్ళో ఆమెకు తెలిసింది ఒక్కడే. టీవీ మీద రాయడానికి కుంచె పనికిరాదన్న సంగతి ఆమె పట్టించుకోలేదు. ఇశ్రాయేలూ పట్టించుకోలేదు. సరేనన్నాడు. ఆ రోజు అతను ఇంటికి నడిచిన తీరు చూసి మగ్దలీనమ్మకు పెళ్ళినాటి నడక గుర్తొచ్చిందట.

వాళ్ళ కూతురు రూబీ పొదిలిలో ఒక ప్రైవేటు బడిలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. ఆదివారం వచ్చి, తన పాత లాప్‌టాప్ ముందు తండ్రిని కూర్చోబెట్టి, పంతొమ్మిది లైన్ల ప్రోగ్రాం రాసింది. తెర మీద తెల్లటి కిటికీ లాంటిది తెరుచుకుంటుంది. దాని నడుమ పేరు కనబడే చోటుంది, దాన్ని లేబుల్ అంటారని చెప్పింది. పొద్దున వచ్చినవాళ్ళ పేర్లు వరసగా జాబితాలో ఎక్కించాలి. కింద ఒక బటన్. బటన్ నొక్కితే ప్రోగ్రాం మొదట లేబుల్‌లో ఇప్పుడెవరి పేరుందో చదువుతుంది, జాబితాలో ఆ పేరు తర్వాత ఎవరున్నారో చూస్తుంది, ఆ కొత్త పేరును లేబుల్‌లో పెడుతుంది. లేబుల్ ఖాళీగా ఉంటే ఇంకా ఎవరినీ పిలవలేదని అనుకుని జాబితాలో మొదటి పేరు పెడుతుంది. అంతే నాయనా, అని చెప్పి రూబీ సాయంత్రం బస్సుకు పొదిలి వెళ్ళిపోయింది.

ఇశ్రాయేలు ఆ పంతొమ్మిది లైన్లను మూడు రోజులు చదివాడు. ఇంగ్లీషు అక్షరాలు అతనికి వచ్చు. ఎన్ని బోర్డుల మీద రాయలేదు? అర్థం కూడా మెల్లగా దిగింది, బావిలోకి చేద దిగినట్టు. కానీ ఒక సంగతి మింగుడు పడలేదు. పాత పేరున్న చోటే కొత్త పేరు పెట్టమంటోంది పిల్ల. మధ్యలో సున్నం ఏది? పాత అక్షరం మీద కొత్త అక్షరం పడితే రెండూ కలిసి ఏ భాషా కాని మాట అవుతుంది. చదువుకున్న పిల్లే, కానీ గోడ తెలియదు. పాపం అనుకుని, రూబీ చెప్పిన పాఠంలోంచే వెతికి, లేబుల్‌ను ఖాళీ చేసే లైను ఒకటి తన చేత్తో టైపు చేశాడు. బటన్ నొక్కగానే జరిగే పనుల్లో అన్నిటికన్నా పైన పెట్టాడు. ముందు శుభ్రం.

ఇరవై లైన్లు. అందులో ఒకటి అతని సొంతం.

పేరు కింద చిన్న అక్షరాల్లో ఇంకో లేబుల్ ఉంది. దానికీ ఒక సాయంత్రం పట్టింది. వట్టి పేరు పెట్టి పిలిస్తే ఈ తట్టున అది పిలుపు కాదు, పోలీసు స్టేషన్ మాట. పిన్నీ అనాలా, వదినా అనాలా? గోడకు తగిలించిన టీవీ ఎవరికి ఏమవుతుంది? మగ్దలీనమ్మ బియ్యం ఏరుతూ తీర్పు చెప్పింది. కారం పట్టించుకునేది ఆడవాళ్ళే, ఏ వయసు ఆడదైనా అక్కా అంటే కోప్పడదు. అలా పేరు కింద "అక్కా, మీ వంతు వచ్చింది" అన్న మాట స్థిరపడింది.

శుక్రవారం పరీక్ష చేశాడు. జాబితాలో భార్య పేరు ఒక్కటే ఎక్కించి బటన్ నొక్కాడు. తెర మీద మగ్దలీనమ్మ. మళ్ళీ నొక్కాడు. మగ్దలీనమ్మ. పదిసార్లు నొక్కినా పదిసార్లూ మగ్దలీనమ్మే. మనసు నిండిపోయింది. ఆమె వెనక నిలబడి చూస్తోంది.

"ఇంకెవురి పేరూ రాయలేదా?"

"నువ్వు చాలు లే, పని చేస్తాందా లేదా అనేది సూసేకి."

"పెండ్లయి ముప్పై ఏండ్లకు కంప్యూటర్‌తో చెప్పిస్తావా ఈ మాట" అని ఆమె బియ్యం చేటలోకి తల దించుకుంది. ఆ సంబరంలో ఇద్దరికీ రెండో పేరు ఎక్కించి చూడాలన్న ఆలోచన రాలేదు. రూబీకి ఫోన్ చేసి, అంతా బ్రహ్మాండంగా ఉందని చెప్పాడు.

శనివారం పొద్దున ఎనిమిదింటికి జాబితాలో పదహారు పేర్లు. మొదటిది కొమరోలు తులసమ్మ, డెబ్బై ఏళ్ళది, తొలి బస్సుకు ఎనిమిది కిలోలు తెచ్చింది. రెండోది ప్రకాశరావు, రిటైరయిన తెలుగు మాస్టారు, భార్యకు ఒంట్లో బాగాలేక రెండు కిలోల సంచితో తనే వచ్చి పేపరు చదువుకుంటున్నాడు. ఇశ్రాయేలు ఉతికిన చొక్కా వేసుకుని, లాప్‌టాప్‌ను వైరుతో టీవీకి కలిపి, స్టూలు మీద కూర్చుని, బోర్డుకు మొదటి గీత గీసేటప్పటిలా ఊపిరి బిగబట్టి బటన్ నొక్కాడు.

తులసమ్మ. అక్కా, మీ వంతు వచ్చింది.

మర ఒక్క క్షణం చప్పుడు మరిచినట్టయింది. తులసమ్మ తెర ముందు నిలబడి తన పేరును కింది నుంచి పైకి చూసింది, కొండను చూసినట్టు. రేషన్ కార్డులో తప్ప ఇంకెక్కడా లేని పేరు అది. అందులోనూ ఈ వయసులో అక్క. కాసేపు అట్లే ఉంచమని అడిగింది. కాసేపు ఉంచారు. నాగలక్ష్మి గొంతు మీద చెయ్యి వేసుకుని నవ్వింది. తులసమ్మ కారం పట్టించుకుని, డబ్బా నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఇశ్రాయేలు బటన్ నొక్కాడు. తులసమ్మ.

చెయ్యి తడబడిందేమోనని మళ్ళీ నొక్కాడు. తులసమ్మే. ప్రకాశరావు పేపరు మడిచి, లేవబోయి, కూర్చున్నాడు. రాచర్ల ఆడవాళ్ళు తులసమ్మకు మరలో వాటా ఉందని తేల్చారు. నాలుగోసారి నొక్కే సరికి బయట ఉన్న ఒక ఆటో డ్రైవరు తెర చూసి, పాపం ముసలామె ఏదో మరిచిపోయిందనుకుని, బస్టాండుకు వెళ్ళి, కదలబోతున్న కొమరోలు బస్సును ఆపించి, కారం డబ్బాతో సహా ఆమెను దింపి తీసుకొచ్చాడు.

తులసమ్మ దారంతా భయపడుతూనే వచ్చింది. వేరేవాళ్ళ కారం తన డబ్బాలో పడిందేమో, తనది ఇంకెవరి కూరలోనో మండబోతోందేమో. ఏమీ లేదని, తెరకు ఆమె మీద మనసయిందని, అంతకు మించి కారణం లేదని తెలిశాక, డబ్బా కింద పెట్టి, కొంగు నడుముకు చుట్టి, తర్వాతి బస్సు గంటన్నరకు గానీ లేదని అందరికీ వినబడేలా చెప్పింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. మర ఆగింది, తెర నల్లబడింది. ఆ నిశ్శబ్దంలో నాగలక్ష్మి గుసగుస ఊరంతా వినబడేలా ఉంది.

"ఇశ్రాయేలన్నా, కరెంటు వచ్చేదాక నీకు టైం. వచ్చినాక నొక్కు. మళ్ళ ఈమే వచ్చిందంటే టీవీ నా ఇంటికి పోతది, నా సీరియళ్ళకు. నా గొంతుతో నేనే అరుచుకుంటా, పోతే పోనీ."

గొంతు ఆమెదే, కానీ పోయేది అతని అక్షరం. తెర దిగితే మళ్ళీ కొట్టాలు, మళ్ళీ తెల్లమీద తెలుపు. ఇశ్రాయేలు ఫోన్ తీసుకుని బయటికి వచ్చాడు. రూబీ విరామంలో ఉంది. అంతా విని ఒక్కటే అడిగింది.

"నాయనా, నేనిచ్చింది నేనిచ్చినట్టే ఉందా? నువ్వేమన్న కలిపినావా?"

"నేనేం కలుపుతా? ఏం కల్పలే."

అట్లయితే సాయంత్రం చూద్దాం, ఇప్పుడు బెల్లు కొట్టారు అని ఆమె పెట్టేసింది. యాభై రెండేళ్ళ మనిషి, ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మనిషి, చేతిలో ఫోన్ పట్టుకుని తన అబద్ధం పక్కన తను నిలబడ్డాడు.

మర గోడ నీడలో తులసమ్మ చతికిలబడి కొంగుతో విసురుకుంటోంది. బస్సుకు గంట పైనే ఉంది. ఏం తోచక ఎదురుగా ఉన్న గోడను చదువుతోంది. ఎప్పుడో రాత్రి బడిలో నేర్చుకున్న చదువు, ఒక్కో అక్షరం పట్టుకుని, దాటి, ఇంకోదాన్ని పట్టుకుంటూ. సున్నం పెచ్చు లేచిన చోట అడుగున ఎర్రగా ఉంది.

"ఇ... చ్చ... ట... కా... రం... ఇచ్చట కారం. ఇది రాసినోడు ఉన్నాడా, పోయినాడా?"

"ఉన్నాడు. నేనే."

తులసమ్మ తల తిప్పి అతన్ని పైనుంచి కిందికి చూసింది.

"మరి ఆ టీవీలో నా పేరు ఇంత అందంగా ఎందుకు లేదు?"

ఇశ్రాయేలు చెవి ఆ ప్రశ్న దగ్గర లేదు. ఆమె చదివిన తీరు, అలా పైకి కూడబలుక్కుంటూ చదవడం, అతనికి తెలిసిన గొంతు. నాయన గొంతు. ఏబేలు ఏ గోడకైనా సున్నం కొట్టే ముందు, దాని మీద పాతగా ఏముందో అంతా పైకి చదివేవాడు. దాణా ప్రకటనైనా, ఓడిపోయిన అభ్యర్థి పేరైనా, ఆఖరికి ఇక్కడ ఉచ్చ పోయరాదన్న హెచ్చరికైనా, ఎవరో పెద్దమనిషి ఉత్తరాన్ని చదివినట్టు నిలబడి చదివేవాడు. దారిన పోయేవాళ్ళు నవ్వేవాళ్ళు. సున్నం బక్కెట పట్టుకుని చెయ్యి లాగుతుంటే కుర్రాడు ఇశ్రాయేలు విసుక్కునేవాడు. ఎట్లాగూ తుడిపేసేదే కదా నాయనా, ఎందుకు చదివేది? ఏబేలు చెప్పేవాడు: "రాసినోడు ఒకడున్నాడు కదరా. సదివి తుడువు. తుడిసినాక సదవాలంటే ఏముంటాది, సున్నం."

ఇశ్రాయేలు నుదుటి మీద చెయ్యి పెట్టుకున్నాడు. లోపలికి పరుగులాంటి నడకతో వెళ్ళాడు.

లాప్‌టాప్ బ్యాటరీ రూబీ కాలేజీ నాటిది, పది నిమిషాలకు మించి ఊపిరి నిలబడదు. ప్రోగ్రాం తెరిచాడు. తన లైను అన్నిటికన్నా పైన, దొరబాబులా కూర్చుని ఉంది. బటన్ నొక్కగానే అది లేబుల్‌ను తెల్లగా తుడిచేస్తోంది. ఆ తర్వాత రూబీ లైను వచ్చి, లేబుల్‌లో ఎవరున్నారని చదువుతోంది. ఏముంటుంది, సున్నం. ఎవరూ లేరు కాబోలనుకుని, మళ్ళీ జాబితా మొదటికే పోయి తులసమ్మను చెయ్యి పట్టుకుని తెస్తోంది. ఎన్నిసార్లు నొక్కితే అన్నిసార్లు ప్రపంచం తులసమ్మతోనే మొదలవుతోంది. నిన్న పదిసార్లూ మగ్దలీనమ్మే రావడంలోని ప్రేమ ఏపాటిదో కూడా అతనికి అప్పుడే తెలిసింది.

తన లైనును తీసెయ్యడానికి చెయ్యి రాలేదు. ఉన్నది ఒక్కటే. దాన్ని చదివే లైనుకు కింద, రాసే లైనుకు పైన ఉండేలా దించాడు. చదువు, సున్నం, రాత. సేవ్ చేశాడు. నొక్కి చూద్దామనుకునే లోపు లాప్‌టాప్ కళ్ళు మూసింది.

ముప్పావు గంటకు కరెంటు వచ్చింది. అందరూ తెర చుట్టూ చేరారు. నాగలక్ష్మి ప్లగ్గు పక్కన నిలబడింది. ఇశ్రాయేలు ప్రోగ్రాం మళ్ళీ తెరిచి, బటన్ నొక్కాడు.

తులసమ్మ. అక్కా, మీ వంతు వచ్చింది.

ఒక్కసారిగా లేచిన మూలుగులో మర చప్పుడు కూడా మునిగిపోయింది. నాగలక్ష్మి చెయ్యి ప్లగ్గు మీదికి పోయింది. ఇశ్రాయేలు రెండు చేతులూ అడ్డం పెట్టి, తెర ఇప్పుడే నిద్ర లేచింది, లేబుల్ ఖాళీగా ఉండింది, ఈ మొదటిసారి ఆమే రావాలి, అది తప్పు కాదు, ఇంకొక్కసారి అని చెప్పబోయాడు. మాటలు అడ్డదిడ్డంగా వచ్చాయి. ఎవరికీ అర్థం కాలేదు. అందరూ తులసమ్మను చూశారు, ఆమె పేరే కనుక తీర్పు ఆమెదే అన్నట్టు.

"నొక్కనియ్ లే, లక్ష్మమ్మా" అంది తులసమ్మ డబ్బా మీద కూర్చుంటూ. "పోయిన బస్సు ఎట్లాగూ పోయింది. ఇంగో తూరి వచ్చినా నేనే కదా, నాకేం సిగ్గు."

ఇశ్రాయేలు కళ్ళు మూసుకుని నొక్కాడు. ఎవరో కిసుక్కుమన్నారు. కళ్ళు తెరిచాడు.

ప్రకాశరావు. అక్కా, మీ వంతు వచ్చింది.

నవ్వు మిరప ఘాటులా అందరి ముక్కుల్లోకీ ఎక్కింది. రాచర్ల ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు వాలిపోయారు. నాగలక్ష్మి డాక్టరు మాట మరిచి గొంతెత్తి నవ్వింది. ఆ ఒక్క నవ్వుకు ఆమె ఇంకో వారం మాట్లాడలేకపోయింది. ప్లగ్గు మీది చెయ్యి మాత్రం తీసేసింది. ప్రకాశరావు మాస్టారు లేచి, కళ్ళజోడు తుడుచుకుని, తెరను ఒకటికి రెండుసార్లు చదివాడు. ఇశ్రాయేలు సిగ్గుతో ఆ మాట మార్చబోతుంటే ఆపాడు.

"ఉండనియ్ నాయనా, నా కారం అయ్యేదాక. నలబై ఏండ్లు అందరూ సార్ సార్ అని దూరం పెట్టినోళ్ళే. నన్ను అక్కా అన్నది ఈ టీవీ ఒక్కటే."

రెండు కిలోల సంచి చంకలో పెట్టుకుని, పెళ్ళిపందిట్లోకి నడిచినంత ఠీవిగా మరలోకి నడిచాడు. అతని తర్వాత మూడో పేరు వచ్చింది, నాలుగోది వచ్చింది. తులసమ్మ బస్సు వేళ అయ్యేదాకా కదలకుండా కూర్చుని, కొత్త పేరు పడినప్పుడల్లా దాన్ని పైకి కూడబలుక్కుని చదివింది. నాగలక్ష్మికి గొంతు అవసరం పడలేదు.

సాయంత్రం ఇంటికి పోయి, కాళ్ళు కడుక్కోక ముందే రూబీకి ఫోన్ చేశాడు. ఒక లైను కలిపిన మాట నిజమేనని చెప్పాడు. ఏ లైనో చెప్పమంది. చదివి వినిపించాడు. అవతల ఒక దొంగ దగ్గు వినబడింది. నవ్వు ఆపుకుంటోందని ఇశ్రాయేలుకు అర్థమయింది. ఆ మాత్రం నవ్వు ఆ పిల్ల తల్లి దగ్గర నేర్చుకున్నదే.

"నాయనా, అది అక్కరే లేదు. కొత్త పేరు పెడితే పాతది దానంతట అదే పోతాది. తీసెయ్."

"తెలుసు లే" అన్నాడు ఇశ్రాయేలు. అతనికి తెలియదు. "ఉండనియ్."

ఆ లైను ఇప్పటికీ ఉంది, మరలో, చదివే లైనుకూ రాసే లైనుకూ మధ్య. ఏ పనీ చెయ్యదు. రెండు పేర్ల నడుమ, కంటికి ఆననంత సేపు, తెరను తెల్లగా చేసి తప్పుకుంటుంది.